ఖాళీ కొలత

క్రితం వారం డాక్టరమ్మను మనం ల్యాబ్‌లో, తెరిచిన సొరుగు ముందు నేల మీద చతికిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఒళ్ళో నాలుగేళ్ళ కిందటి కొలత కాగితం. అందులో గీత నున్నగా సాగిపోవలసిన చోట రెండు గూనులు. అది సోమవారం సంగతి. ఆవిడ అక్కణ్ణుంచి లేచి తిన్నగా ల్యాబ్ నడిపే పెద్దసారు గదికి పరుగెత్తి ఉంటుందని మీరు అనుకుని ఉంటే, ఆవిడ మీద మీకు మంచి అభిప్రాయమే ఉందన్నమాట. పరుగెత్తలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని ఇంటికి పోయింది. మంగళవారం తలనొప్పని సెలవు పెట్టి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. బుధవారం మధ్యాహ్నానికి గాని కాళ్ళు కదల్లేదు. కదిలినవి కూడా పెద్దసారు గది వైపు కాదు, వీధి చివర కళ్ళజోళ్ళ షాపు వైపు.

ఆ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆవిడ డాక్టరమ్మకు వదిన. సొంత అన్నయ్య భార్య. ఇద్దరి మధ్యా మాటలు లేక నాలుగేళ్ళు.

డాక్టరమ్మ అంటే మందులు రాసే డాక్టరు కాదు. ఏ వస్తువు మీద ఏ పదార్థం ఎంత అంటుకుంటుందో కొలిచి కొలిచి ఆ పట్టా సంపాదించుకుంది. ఆ పని ఎలా చేస్తారో ఒక్క ముక్కలో చెప్పకపోతే ఈ వారం కథ మీకు అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి చేత్తో పట్టుకోండి. పైనుంచి నీళ్ళలోకి ఏటవాలుగా చూస్తే గ్లాసు గోడ తళతళా మెరుస్తుంది గాని, దాని వెనకున్న మీ వేళ్ళు కనబడవు. లోపలి వెలుగు గోడకు తగిలి, బయటికి పోలేక, మళ్ళీ లోపలికే తిరిగి వస్తోందన్నమాట. ఇప్పుడు వేళ్ళు తడి చేసుకుని గట్టిగా నొక్కండి. వేలిముద్ర గీతలు ఒక్కొక్కటే తేలి కనబడతాయి. ఎందుకంటే వెలుగు గోడ దాటకపోయినా, దాటీ దాటనట్టు ఒక్క రవ్వంత బయటికి తొంగి చూస్తుంది. ఆ రవ్వంత దూరంలో ఏది అంటుకుని ఉంటే దాన్ని పట్టేస్తుంది.

ల్యాబ్‌లో గ్లాసుకు బదులు వేలెడు పొడవున్న బూడిదరంగు పలక ఉంటుంది. మామూలు వెలుగుకు బదులు కంటికి కనబడని పరారుణ కాంతి. పలక లోపల ఆ కాంతి పైకీ కిందకీ కొట్టుకుంటూ ఇటునుంచి అటు వచ్చేసరికి, పలక మీద అంటుకున్న పదార్థం తనకు కావలసిన వంతు అందులోంచి మింగేస్తుంది. ఏ వంతు తగ్గిందో చూస్తే ఎవరు మింగారో తెలిసిపోతుంది. రక్తంలోని ప్రోటీన్లయితే పక్కపక్కనే రెండు గూనులు వస్తాయి. అయితే అన్నిటికంటే ముందు ఖాళీ కొలత అని ఒకటి తీయాలి. పలక మీద ఇంకా ఏమీ చేరనప్పుడు ఒకసారి కొలిచి, ఇదే సున్నా అని యంత్రానికి చెప్పాలి. ఆ తర్వాత కొత్తగా ఎంత చేరిందో యంత్రం చెబుతుంది. సున్నా తప్పయితే ఇక ఆ పైన అంతా తప్పే.

నాలుగేళ్ళ కిందట డాక్టరమ్మ ఒక పూత తయారు చేసింది. డయాలసిస్ రోగుల మెడ దగ్గర వేసే ట్యూబుల లోపల పూసే పూత. దానికి రక్తంలోని ప్రోటీన్లు అంటుకోవట. అంటుకోకపోతే రక్తం గడ్డ కట్టదు, గడ్డ కట్టకపోతే రక్తం పలచబడే మందు ఇవ్వక్కర్లేదు. పలక మీద పూత పూసి, దాని మీదుగా రక్తపు ద్రవం పంపి, కొలిచి చూపించింది. గీత నున్నగా, చక్కగా, ఒక్క గూనైనా లేకుండా వచ్చింది. దాంతో ఆవిడ పేరు మారుమోగిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ కొలతకు ముందు రోజు అతుకుల దగ్గర లీకులున్నాయేమోనని అదే పలక మీదుగా ఒకసారి రక్తపు ద్రవం పంపి చూసింది. తర్వాత ఉప్పునీళ్ళతో కడిగింది. ప్రోటీన్లు ఉప్పునీళ్ళకు లొంగే రకం కాదు. మర్నాడు పొద్దున్నే ఆ పలక మీదే ఖాళీ కొలత తీసింది. అంటే కుర్చీలన్నీ నిండిపోయిన హాలుకు ఖాళీ అని పేరు పెట్టి, ఆ తర్వాత కొత్తగా ఒక్కరూ వచ్చి కూర్చోలేదు చూశారా అని సంబరపడింది.

అప్పట్లో ఆ యంత్రం నడిపేది వదినే. డాక్టరమ్మ ల్యాబ్‌లో చేరకముందు నుంచీ ఆవిడే నడిపేది. పలకను అంచులు పట్టి ఎలా ఎత్తాలో మరదలికి నేర్పింది కూడా ఆవిడే. అదే పూతను కొత్త పలకల మీద పూసి మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ గూనులొచ్చాయి. ఆ కాగితాలు తెచ్చి అందరూ కూర్చున్న మీటింగులో బల్ల మీద పెట్టింది. అప్పుడు డాక్టరమ్మ కాగితాల వంక సగం చూసి, "మా వదిన ఇంట్లో గిన్నెలు కడిగినట్టే పలకలూ కడిగినట్టుంది" అంది. గదంతా గొల్లుమంది. పెద్దసారు కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. రిపోర్టులో "పరికరం నడిపిన వ్యక్తి శుభ్రత పాటించకపోవడం వల్ల" అని ఒక వాక్యం చేరింది. ఆ నెల తిరక్కుండానే వదిన ఉద్యోగం మానేసింది. అన్నయ్య చెల్లెలి గడప తొక్కడం మానేశాడు.

రెండు రోజులుగా డాక్టరమ్మ చెవుల్లో గింగురుమంటున్నది ఆ నవ్వే. తప్పు కొలత గుర్తొస్తే భయం వేస్తోంది గాని, ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం తల కొట్టేసినట్టవుతోంది.

షాపు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. మూడోసారి షాపు ఓనరే చూసి తలుపు తెరిచాడు. ముక్కు చివర కళ్ళజోడు, నోటి నిండా మాటలు.

"రండమ్మా, రండి. కళ్ళు పరీక్ష చేయించాలా? ఫ్రేము మార్చాలా?"

"వెనక అద్దాలు చేసే ఆవిడతో మాట్లాడాలండి."

"అద్దాలక్కతోనా! కాసేపు కూర్చోవాలి మరి. చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. ఆవిడ కడుక్కోడం మొదలుపెట్టిందంటే మనం ఓ సినిమా చూసి రావచ్చు." తన జోకుకు తనే నవ్వుకున్నాడు. "నవ్వులాటకి అన్నాను గాని, ఆవిడ చేతిలోంచి వచ్చిన అద్దం మీద ఒక్క మరక ఉంటే నా పేరు మార్చుకుంటాను. ఒక్కోటి మూడుసార్లు కడుగుతుంది. ఒకసారి చాలమ్మా అంటే వినదు."

డాక్టరమ్మ అడక్కుండానే తెర తొలగించుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

చిన్న గది. అరగదీసే చక్రం మీద సన్నటి నీటి ధార పడుతోంది. పక్కన మెత్తటి గుడ్డ మీద జతలు జతలుగా అద్దాలు, ఒక్కో జత కింద చీటీ. వదిన పంపు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. మరదలిని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ జరగనట్టే తువ్వాలు మేకుకు తగిలించింది.

"ఏం మరదలా, చత్వారమొచ్చిందా? నలభై దాటితే వచ్చేదేలే, దానికి సిగ్గెందుకు."

"కాదు వదినా."

"మరి దారి తప్పావా?"

"నీతో... ఒక విషయం... ఎలా చెప్పాలో..."

"నీళ్ళు నమలకు. సాయంత్రానికి పన్నెండు జతలివ్వాలి నేను."

డాక్టరమ్మ చూపు ఆవిడ చేతుల మీద పడింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది. గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయింది. ఆ చేతులు ఒకప్పుడు ఇలా ఉండేవి కావు. ఇక మాటలతో అయ్యే పని కాదని సంచీలోంచి కాగితం తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టింది.

వదిన నెత్తి మీదున్న కళ్ళజోడు కిందికి లాక్కుని వంగింది. చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. నాలుగేళ్ళు కళ్ళజోళ్ళు చేసినా ఆ కంటికి పాత పని మరపు రాలేదు.

"ఇవి ప్రోటీన్ గూనులు కదూ. బాగానే పట్టింది, నిండుగా ఉంది. రక్తం పంపిన ఎంతసేపటికి తీశారు?"

"పంపక ముందు."

"పంపక ముందు ఇవెలా వస్తాయే?" అని తలెత్తింది.

"అది ఖాళీ కొలత వదినా. ఆ ఖాళీ కొలత. నేను తీసింది."

వదిన చెయ్యి చాపి చక్రం మీది నీటి ధార కట్టేసింది.

"అయితే నా పలకలు..."

"శుభ్రంగానే ఉన్నాయి. మూడూ. నువ్వు చూపించిందే నిజం. మురికి పలక నాది."

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. అరుస్తుందేమో, కాగితం మొహాన కొడుతుందేమో అని డాక్టరమ్మ ఎదురు చూసింది. కొడితే బాగుండునని కూడా అనిపించింది. వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది.

"నేను నీ మాట నమ్మాను, తెలుసా" అంది చివరికి. "మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచించాను. అంత చదువుకున్న పిల్ల, ఊరికే ఎందుకంటుంది? నా చెయ్యే ఎక్కడో జారి ఉంటుంది అనుకున్నాను. అప్పట్నుంచీ ఏది ముట్టుకోవాలన్నా అనుమానమే. ఇంట్లో కంచం తియ్యాలన్నా కడుక్కునే తీస్తాను. మీ అన్నయ్య అంటాడు, చేతిలో గీతలు కూడా అరిగిపోతాయే, ఇక జాతకం చెప్పేవాడికి పనుండదు అని. నాలుగేళ్ళు, అమ్మాయ్."

"వదినా, నన్ను..."

"ఆగు. తప్పు కొలత సరే. ఎవరైనా చేస్తారు. నేనూ చేశాను కొత్తలో. గిన్నెల మాట ఎందుకన్నావు?"

డాక్టరమ్మ దారి పొడుగునా క్షమాపణలు కూడబలుక్కుంటూ వచ్చింది. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు తెచ్చుకోలేదు. అబద్ధమాడదామన్నా ఏ అబద్ధమూ నోటికి అందలేదు.

"నవ్వుతారని" అంది. "నవ్వితే ఇక ఎవరూ నీ కాగితాలు చూడరని."

"అంటే నీకు అప్పటికే..."

"అనుమానం వచ్చింది. ఒక్క క్షణం. నువ్వు కాగితాలు బల్ల మీద పెట్టగానే లీకుల కోసం రక్తం పంపిన సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ తీసి చూసుకోవచ్చు, ఒక్క రోజు పని. మర్నాడే పెద్దవాళ్ళందరూ వస్తున్నారు చూడ్డానికి. అందుకని... ఆ మాట అనేశాను. అన్నాక అదే నిజమని నేనూ నమ్మేశాను."

ఇన్నాళ్ళూ తనకు తానే చెప్పుకోని మాట బయటపడింది. చెబితే గుండె బరువు దిగుతుందంటారు. డాక్టరమ్మకు దిగలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, తల ఎత్తి వదిన మొహం చూసే ధైర్యం లేక గుడ్డ మీది అద్దాల వంక చూస్తూ నిలబడింది. ఇన్ని జతల కళ్ళలో ఏ ఒక్కదాని ముందైనా ఇక నిలబడగలనా అనిపించింది.

"ఇప్పుడు క్షమించమని వచ్చావు" అంది వదిన.

"అవును."

"నాకు చెప్పేసి నువ్వు పోయి పడుకుంటావు. నేనేం చెయ్యాలి ఈ చేతుల్ని?"

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన ఊరుకోబెట్టలేదు, ఊరుకోమనలేదు. ఆవిడ కనుబొమలు దగ్గరపడ్డాయి. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"ఉండు. అయితే ఆ పూతకి ప్రోటీన్లు అంటుకుంటాయన్నమాట."

"అంటుకుంటాయి."

"రక్తం గడ్డ కడుతుందన్నమాట."

"మామూలు ట్యూబులో కట్టినట్టే కడుతుంది. మామూలు ట్యూబైతే మందు ఇస్తారు, కాబట్టి పరవాలేదు. దీనికి పూత ఉంది కదా అని మందు ఆపేస్తారు. అదే ప్రమాదం. ఆసుపత్రిలో మనుషులకి వెయ్యడం సోమవారం మొదలవుతుంది. ఆ లోపల..."

"సోమవారమని తెలుసు నాకు."

"నీకెలా తెలుసు?"

వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి పేరు మీ అన్నయ్యదే."

డాక్టరమ్మకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. అన్నయ్యకు ఒంట్లో బాగుండటం లేదని ఆరు నెలల కిందట పిన్ని చెప్పింది. వాళ్ళే పిలవనీ, పిలిస్తే అప్పుడు వెళదాం అని బింకం పట్టుకుని కూర్చుంది. ఏం జబ్బని కూడా అడగలేదు.

"కిడ్నీలా?"

"రెండూ. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆసుపత్రివాళ్ళు కొత్త ట్యూబు గురించి చెప్పి సంతకం పెట్టమంటే ఆయన వెనకాడాడు. నేనే అన్నాను." వదిన బల్ల మీది కళ్ళజోడు మడతపెట్టింది. "మీ చెల్లెలికి నోరు దురుసే గాని పని గట్టిది, కళ్ళు మూసుకుని పెట్టెయ్ అన్నాను. నేనే కలం అందించాను."

డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది. తిట్టినా ఇంత తగిలేది కాదు. నాలుగేళ్ళ కిందట తను పదిమందిలో పరువు తీసిన మనిషి, ఇంట్లో నాలుగు గోడల మధ్య తన పనికి పూచీ పడింది. తనేమో ఆ ఇంటి మనిషికి ఏం జబ్బో కూడా కనుక్కోలేదు. ఎవరూ చూడకుండా అక్కడే ఆ నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"ఈ సంగతి ఇంకా ఎవరెవరికి చెప్పావు?"

"నీకే. మొదట నీకే చెప్పాలని..."

"ఎప్పుడు కనుక్కున్నావు?"

"సోమవారం."

"ఇవాళ బుధవారం." వదిన గొంతు పెంచలేదు. "రెండు రోజులు ఏం చేశావే?"

"సిగ్గేసింది వదినా. ఎవరి మొహం చూడాలో తెలియలేదు."

"సిగ్గు!" వదిన లేచి ఆప్రాన్ ముడి విప్పి పడేసింది. "సిగ్గుపడ్డానికి తర్వాత బోలెడంత టైముంది. మళ్ళీ సోమవారం దాకా ఐదు రోజులున్నాయి, అదొక్కటీ అదృష్టం. ముందు ఆ పేరు తీయించు. ఇవాళ డయాలసిస్ రోజే, ఆయన అక్కడే ఉంటాడు, డాక్టరూ ఉంటాడు."

మళ్ళీ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది, నంబరు నొక్కింది, అవతల మోగుతుండగానే మరదలి చేతిలో పెట్టింది.

"నేను చెప్పను. నువ్వే చెప్పు. ఇంతకుముందు నాతో చెప్పావే, అలాగే, ఒక్క ముక్క దాచకుండా."

డాక్టరమ్మ చేతిలో ఫోన్ చల్లగా, బరువుగా ఉంది. మూడోసారి మోగగానే అన్నయ్య ఎత్తాడు.

"ఏమే, చక్రం ఆపేశావా అప్పుడే?"

"అన్నయ్యా... నేను."

లైను తెగిందేమో అనుకుంది.

"చెల్లాయ్?" అన్నాడు. ఆ పిలుపు విని నాలుగేళ్ళయింది. "నువ్వా! మీ వదిన ఫోన్లోంచి నువ్వు మాట్లాడుతున్నావంటే... ఇద్దరూ ఒక్క చోటున్నారా? కొట్టుకోవడం లేదుగా?" నవ్వుతున్నాడు. ఆ నవ్వులోనే గొంతు బొంగురుపోయింది. పక్కన ఎవరితోనో గొప్పగా చెబుతున్నాడు. "సిస్టరమ్మా, మా చెల్లెలు! ఆ పూత కనిపెట్టిందని చెప్పానే, ఆవిడే!"

"అన్నయ్యా, ఒక్క నిమిషం నా మాట..."

"ముందు నా మాట విను. నీకు నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నాను ఇందాకట్నుంచి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. పొద్దున రాగానే పాత ట్యూబు మొండికేసింది. సోమవారం దాకా ఆగడం దేనికి, మొదటి పేరు మీదే కదా అని డాక్టరుగారు కొత్తది వేసేశారు. మెడ దగ్గర కాస్త మంట, అంతే. రక్తం పలచబడే మందు కూడా ఈ పూట నుంచి ఆపేశారమ్మా, నీ పుణ్యమా అని."

ఫోన్లో మాట బయటికి వినబడుతూనే ఉంది. వదిన మొహంలో రంగు పోయింది. గుడ్డ మీది అద్దాలు చెయ్యి తగిలి కింద పడ్డా చూసుకోలేదు. రెండు అడుగుల్లో వచ్చి మరదలి భుజం గట్టిగా పట్టుకుంది.

"వింటున్నావా చెల్లాయ్?" అన్నాడు అన్నయ్య సంతోషంగా. "సర్లే, ఇంతకీ నువ్వెందుకు చేశావో చెప్పు."